రోబో వార్ వీడియో బాగా రావాలంటే లైట్లు పెంచడం కాదు, చోటు మార్చాలి

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివాను. భీమవరం దగ్గర మీ కాలేజీ ఫెస్ట్‌లో గ్రౌండ్ మీద సాయంత్రం పూట రోబో వార్ (రిమోట్‌తో నడిపే రోబోలు కొట్టుకునే పోటీ), 20 అడుగులకి 20 అడుగుల అరీనా, చుట్టూ పాలికార్బొనేట్ (అద్దంలా ఉండే గట్టి ప్లాస్టిక్) షీట్లు, రోబో బరువుని బట్టి 8 కేజీలు, 15 కేజీల కేటగిరీలు. పోయినేడు తీసిన వీడియోలో మూడు సమస్యలు చెప్పావు. స్క్రీన్ మీద నల్లటి చారలు పైకీ కిందకీ పాకడం, షీట్‌లో రోబోల కన్నా జనాలూ లైట్లే ఎక్కువ కనపడటం, రోబోలు నల్లటి ముద్దల్లా ఉండి ఏది ఎవరిదో తెలియకపోవడం. ఈసారి లైట్లు రెట్టింపు చేస్తే సరిపోతుందా అని అడిగావు.

సరిపోదు. ఇప్పుడున్న చోట్లోనే రెట్టింపు లైట్లు పెడితే చారలు అలాగే ఉంటాయి, షీట్‌లో ప్రతిబింబాలు రెట్టింపవుతాయి, రోబోలు నల్లగానే ఉంటాయి. ఈ చుట్టుపక్కల కాలేజీల్లో రోబో వార్లకి లైటింగ్, వీడియో రెండూ నేను చూస్తుంటాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ముందు కెమెరా ఎక్కడో తేల్చండి, తర్వాత లైట్ ఎక్కడో తేల్చండి, ఆ తర్వాత ఎలాంటి లైటో చూడండి, ఎన్ని వాట్లు అన్నది ఆఖరున. మన దగ్గర ఇది తలకిందులుగా జరుగుతుంది. లైటింగ్ వాళ్లు వచ్చి నాలుగు మూలలా నాలుగు స్తంభాలు పాతి ఫోకస్ లైట్లు కట్టేసి వెళ్లిపోతారు, మ్యాచ్ మొదలవడానికి పది నిమిషాల ముందు కెమెరా అబ్బాయి వచ్చి ఖాళీ ఉన్న చోట నిలబడతాడు. వాళ్లది తప్పనడం లేదు, నైట్ కబడ్డీ టోర్నమెంట్లకి, వాలీబాల్‌కి ఎప్పుడూ కట్టే పద్ధతి అదే, అక్కడ అది చక్కగా పనిచేస్తుంది కూడా. కానీ కబడ్డీ కోర్టు చుట్టూ అద్దాల్లాంటి షీట్లు ఉండవు కదా.

పాలికార్బొనేట్ షీట్ మీద ఎదురుగా పడే వెలుగులో ఒక్కో వైపు తలం నుంచి సుమారు 5 శాతం తిరిగి వస్తుంది, రెండు తలాలు కాబట్టి మొత్తం 10 శాతం దాకా. వాలుగా పడితే ఇంకా ఎక్కువ. పది శాతమే కదా అనిపిస్తుంది. లోపల నల్ల రోబో నుంచి కెమెరాకి వచ్చే వెలుగు చాలా తక్కువ, బయట తెల్ల చొక్కా మీద పడి వచ్చే వెలుగు చాలా ఎక్కువ, ఆ ఎక్కువలో పది శాతం చాలు రోబో మీద ముసుగులా పరుచుకోవడానికి. కాబట్టి ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు మోతాదు) సర్దితే పోయే జబ్బు కాదు ఇది. కెమెరా వైపున వెలుగు లేకుండా చేయడమే దీనికి మందు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. కెమెరా ఎంత ఎత్తులో ఉందన్న దాన్ని బట్టి షీట్‌లో ఏం కనపడుతుందో మారిపోతుంది. లెన్స్ మనిషి ఛాతీ ఎత్తులో ఉండి నేరుగా చూస్తుంటే, వెనకాల కుర్చీల్లో ఉన్న జనమంతా షీట్‌లో కనపడతారు. కింద కూర్చుని పైకి చూస్తూ తీస్తే ఆకాశంలో వేలాడే లైట్లు కనపడతాయి. అదే కెమెరాని పైకెక్కించి కిందికి వంచితే, నిలువు షీట్ మీద పడిన చూపు తిరిగి వెనక్కి, కిందికే పోతుంది, అంటే షీట్‌లో కనపడేది కెమెరా ముందున్న నేల, స్టాండ్ కాళ్లు, ముందు వరస మోకాళ్లు. వీటిని చీకటి చేయడం చాలా తేలిక. అందుకే నేనెప్పుడూ చెప్పేది, అరీనా నేల మట్టానికి 9 అడుగుల ఎత్తులో లెన్స్ ఉండేలా, షీట్‌కి 5 అడుగుల దూరంలో ఒక గట్టి ప్లాట్‌ఫాం కట్టించండి. మీ 20 అడుగుల అరీనా మధ్యభాగం అక్కడి నుంచి 30 డిగ్రీల వాలులో కనపడుతుంది, ఒక రోబో ఇంకోదాన్ని కప్పేయదు, కింద దూరి పైకెత్తే వెడ్జ్ రోబో ఏం చేస్తుందో కూడా తెలుస్తుంది. షామియానా వాళ్ల దగ్గర సరుగుడు కర్రలూ చెక్కలూ ఉంటే అవే చాలు, కానీ అటూ ఇటూ వంపు కర్రలు బిగించి కట్టించండి, ఊగకూడదు, పైన మనిషి నిలబడతాడు. దాన్ని అరీనా ఫ్రేమ్‌కి మాత్రం ఆనించకండి. 15 కేజీల స్పిన్నర్ (గిరగిరా తిరిగే వెపన్ ఉన్న రోబో) గోడకి కొట్టినప్పుడు ఆ అదురు వీడియోలోకి వచ్చేస్తుంది.

ప్లాట్‌ఫాం ముందు భాగం మొత్తం, అరీనా ఆ వైపు ఎంత వెడల్పుందో అంత వెడల్పున, నేల దాకా దిగేలా నల్ల గుడ్డ కట్టండి. మెరిసే శాటిన్ వద్దు, కాటన్ నల్ల గుడ్డ. ప్లాట్‌ఫాంకీ షీట్‌కీ మధ్య నేల మీద కూడా నల్ల గుడ్డో పాత నల్ల కార్పెట్టో పరవండి. ఆ సందులో ఎవరూ నడవకుండా తాడు కట్టండి, కెమెరా దగ్గర ఉండేవాళ్లంతా నల్ల టీషర్ట్ వేసుకోవాలి. ఆ వైపు జనాన్ని కూర్చోబెట్టకపోతే ఇంకా మంచిది, జడ్జీల టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచి ఆ వైపే పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది, దాన్ని పక్క వైపుకి మార్చండి.

పోలరైజర్ ఫిల్టర్ (లెన్స్ ముందు బిగించి ప్రతిబింబాలు తగ్గించే అద్దం) కొనమంటావా అని అడిగావు. షీట్‌ని బాగా పక్కవాటుగా, షీట్‌కి లంబంగా గీసిన గీత నుంచి 58 డిగ్రీల ప్రాంతంలో చూస్తున్నప్పుడే అది ప్రతిబింబాన్ని బాగా మింగుతుంది. నేను చెప్పిన చోట నుంచి చూస్తే కోణం 30 దగ్గరే ఉంటుంది కాబట్టి పెద్ద ఉపయోగం ఉండదు, పైగా వెలుగులో సగానికి పైగా అదే తినేస్తుంది. ఇంకో చిక్కు ఏంటంటే, వంచి బిగించిన పాలికార్బొనేట్‌లో ఒత్తిడి ఉన్నచోట పోలరైజర్ పెడితే ఇంద్రధనుస్సు రంగుల మచ్చలు కనపడే అవకాశం ఉంది. ఆ డబ్బు నల్ల గుడ్డకి పెట్టండి.

ఇప్పుడు లైట్ల చోటు. కెమెరా ఏ షీట్‌లోంచి చూస్తుందో ఆ షీట్ మీద పక్క నుంచి రాసుకుంటూ వెలుగు పడకూడదు. పడితే ఆ షీట్ మీదున్న ప్రతి గీత, ప్రతి వేలిముద్ర, ప్రతి దుమ్ము రేణువూ వెలిగిపోతుంది, రెండు మూడు మ్యాచ్‌లు అయ్యాక ఆ షీట్ పొగమంచులా తయారవుతుంది. అందుకని కెమెరా వైపు అంచు పైన లైట్ పెట్టనే వద్దు. మీ అరీనాకి ఎనిమిది లైట్లనుకుందాం. ఎడమ వైపు మూడు, కుడి వైపు మూడు, కెమెరాకి ఎదురు వైపు వెనకాల రెండు. ఎత్తు 14, 15 అడుగులు. పక్క లైట్లు, అరీనా పైకప్పుకి పైనే ఉండి, షీట్ అంచుకి రెండడుగులు లోపలికి వచ్చేలా వేలాడాలి, వాటి చూపు కింద నేలకి కాదు, మధ్య గీత దాటి అవతలి సగం మీదకి ఉండాలి. అప్పుడు ప్రతి రోబో మీదా రెండు వైపుల నుంచి వెలుగు పడుతుంది, నీడ ఒకవైపు గట్టిగా పడదు. పక్క లైట్లలో ముందున్న రెండూ కాస్త కెమెరా వైపుకి జరిగి ఉంటే రోబోల ముఖాల మీద కూడా వెలుగు ఉంటుంది.

ఆ వెనక రెండు లైట్లే నీ మూడో సమస్యకి జవాబు. నల్ల రోబో నల్లగా కనపడటానికి కారణం వెలుగు తక్కువై కాదు, దాని అంచు ఎక్కడ ముగుస్తుందో తెలియకపోవడం. వెనక నుంచి వచ్చే లైట్ దాని పై అంచు మీద సన్నటి గీత గీస్తుంది, చక్రాలు, వెపన్ (కొట్టే ఆయుధం), ఛాసిస్ (బాడీ) విడివిడిగా కనపడతాయి. కెమెరా వెనక నుంచి ఎంత లైట్ కుమ్మరించినా ఈ గీత రాదు.

దీనికి ఒక షరతు ఉంది. నేల మెరవకూడదు. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేట్ వేసి అలాగే వదిలేసినా, ఆయిల్ పెయింట్ వేసినా వెనక లైట్లు నేల మీద తెల్లటి మచ్చలుగా కెమెరాలోకి కొడతాయి. మెరుపు లేని మ్యాట్ పెయింట్, మధ్యస్థంగా ఉండే బూడిద రంగు వేయించండి. నల్ల నేల వేస్తే నల్ల రోబోలు పోతాయి, తెల్ల నేల వేస్తే కెమెరా ఆటోలో ఉంటే మొత్తం చీకటి చేసేస్తుంది, పైగా టైర్ల గీతలు పడి పది నిమిషాల్లో అసహ్యంగా ఉంటుంది. బూడిద రంగు మీద నల్లదీ కనపడుతుంది, అల్యూమినియందీ కనపడుతుంది. రౌండ్ల మధ్యలో రంగు చెక్కుకుపోయిన చోట పూయడానికి ఒక చిన్న డబ్బా పక్కనే ఉంచుకోండి.

ఇక చారల సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అందరూ కెమెరా బాలేదంటారు, కెమెరాకి ఏ పాపమూ తెలియదు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఒక్కో సైకిల్‌లో రెండుసార్లు వోల్టేజ్ పైకెళ్లి తగ్గుతుంది కాబట్టి నాసిరకం ఎల్ఈడీ లైట్ సెకనుకి 100 సార్లు మినుకుమంటుంది. కంటికి తెలియదు. కెమెరా ఒక్కో ఫ్రేమ్‌కి కొంతసేపే తెరుచుకుంటుంది, అందులోనూ సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా ఒకదాని తర్వాత ఒకటి చదువుతుంది కాబట్టి, కొన్ని వరసలకి వెలిగినప్పటి లైట్, కొన్నింటికి ఆరినప్పటి లైట్ దొరుకుతుంది. అవే నీ చారలు. షటర్ (ఒక్కో ఫ్రేమ్‌కి కెమెరా తెరుచుకునే సమయం) సెకనులో 1/100 వంతు పెడితే ప్రతి వరసకీ సరిగ్గా ఒక పూర్తి మినుకు అందుతుంది, 1/50 పెడితే రెండు. చారలు పోతాయి. ఫోన్లలో ఆటోలో వదిలేస్తే 1/60, 1/120 లాంటివి తీసుకోవచ్చు, అవి 60 హెర్ట్జ్ దేశాలకి సరిపోయే లెక్క, మనకి కాదు. ఐఫోన్ అయితే కెమెరా సెట్టింగ్స్‌లో రికార్డ్ వీడియోలోకి వెళ్లి పాల్ (50 హెర్ట్జ్ దేశాల వీడియో పద్ధతి) ఫార్మాట్లు చూపించమని ఆన్ చేస్తే 25 ఫ్రేములు కూడా కనపడతాయి. ఆండ్రాయిడ్‌లో ప్రో వీడియో మోడ్ ఉంటే షటర్ 1/100కి లాక్ చేయండి, అందులో 25 లేకపోయినా, 30 ఫ్రేములు ఉన్నా ఫర్వాలేదు, షటర్ సరిగ్గా ఉంటే చారలు రావు.

కానీ ఇది సర్దుబాటు మాత్రమే, పరిష్కారం కాదు. రెండు కారణాలు. ఒకటి, గ్రౌండ్‌లో జనరేటర్ మీద నడిపితే ఫ్రీక్వెన్సీ సరిగ్గా 50 దగ్గర నిలబడదు, లోడ్ పడ్డప్పుడల్లా అటూ ఇటూ జరుగుతుంది, 1/100 లెక్క తప్పుతుంది. రెండోది, స్లో మోషన్. రోబో వార్‌లో అసలు దెబ్బ స్లో మోషన్‌లో చూడకపోతే ఏం చూసినట్టు! సెకనుకి 240 ఫ్రేములు తీస్తే ఒక్కో ఫ్రేమ్ 1/240 కన్నా ఎక్కువసేపు తెరిచి ఉండలేదు, మినుకు తప్పించుకునే దారి లేదు, వీడియో మొత్తం టపటపా కొట్టుకుంటుంది. అందుకని లైట్లే మినుకు లేనివి తెచ్చుకోవాలి.

ఎలా గుర్తుపట్టాలి? లైట్లు అద్దెకిచ్చే ఆయన దగ్గరికి రాజమండ్రిలోనో కాకినాడలోనో ఎక్కడికెళ్లినా, ఆయన చెప్పేది వినకుండా, లైట్ వెలిగించి ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ తీయండి. తెల్ల గోడ మీద పడిన వెలుగుని తీయండి, లైట్‌ని నేరుగా కాదు. ఆడించి చూస్తే గోడ స్థిరంగా వెలుగుతుంటే మంచి లైట్, ఊపిరి తీసినట్టు పెరిగి తగ్గుతుంటే వద్దు. డ్రైవర్ (ఎల్ఈడీకి కరెంటు సర్ది ఇచ్చే సర్క్యూట్) విడిగా లేకుండా ఎల్ఈడీ ప్లేట్ మీదే చిన్న చిప్పులు అతికించి వచ్చే చవక ఫోకస్ లైట్లు చాలావరకు ఈ పరీక్షలో పోతాయి. విడిగా మంచి కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ ఉన్నవి ఎక్కువగా నిలబడతాయి. పెళ్లి స్టేజీల మీద వాడే ఎల్ఈడీ పార్ లైట్లు డిమ్ చేసినప్పుడు వాటి మినుకు వేరే రకం, ఫుల్‌లో ఉంచి పరీక్షించండి. ఒక్క లైట్ చూసి ఒప్పుకోవద్దు, మీకు పంపే ప్రతి లైట్‌నీ చూడండి, ఒకే రకం అని చెప్పి నాలుగు కంపెనీలవి కలిపి పంపేస్తారు.

మినుకు విషయంలో వీడియో కన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది, మీరు మెకానికల్ వాళ్లు కాబట్టి వర్క్‌షాప్‌లో వినే ఉంటారు. లైట్ సెకనుకి 100 సార్లు మినుకుతుంటే, రెండు వైపులా ఒకేలా ఉండే బార్ వెపన్ 3000 ఆర్పీఎం దగ్గర తిరుగుతున్నప్పుడు ప్రతి మినుకుకీ సరిగ్గా అర చుట్టు తిరిగి అదే చోట కనపడుతుంది. 6000 దగ్గర కూడా అంతే. అంటే తిరుగుతున్న బ్లేడ్ కంటికి ఆగిపోయినట్టు కనపడవచ్చు. లేత్ మీద పాత ట్యూబ్‌లైట్ ఒక్కటే పెట్టొద్దనేది ఇందుకే. మ్యాచ్ అయిపోయాక వెపన్ ఆగిందో లేదో చూసి తలుపు తీసే అబ్బాయి ఆ లైట్‌ని నమ్మి చెయ్యి పెట్టకూడదు. మినుకు లేని లైట్ వాడండి, వాడినా సరే, వెపన్ ఆగిందని కంటితో కాకుండా టైమర్‌తోనూ, రేడియో (రిమోట్) ఆఫ్ చేశారా లేదా అన్నదానితోనూ తేల్చుకోండి. ఇందులో మాత్రం రాజీ పడకండి.

మంచి లైట్లు మరీ దొరక్కపోతే ఒక దారి ఉంది. లైట్లని మూడు ఫేజులకీ పంచితే, ఒకదాని వెలుగు తగ్గినప్పుడు పక్కదాని వెలుగు పెరుగుతుంది, అరీనా మీద మొత్తంగా మినుకు బాగా తగ్గుతుంది. దీనికి ఒకే చోట పడే లైట్లు వేరు వేరు ఫేజుల మీద ఉండాలి, ఎడమంతా ఒక ఫేజు కుడంతా ఒక ఫేజు అంటే లాభం లేదు. ఫేజుకీ ఫేజుకీ మధ్య 400 వోల్టుల పైమాటే కాబట్టి ఇది లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పని, స్టూడెంట్లు ముట్టుకోవద్దు.

ఇప్పుడు వాట్లు. అరీనా నేల మీద 1500 లక్స్ (చదరపు మీటరుకి పడే వెలుగు కొలత) రావాలని పెట్టుకోండి. లెన్స్ ద్వారం ఎఫ్ 4, షటర్ 1/200, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 800 దగ్గర మామూలు ఎక్స్‌పోజర్‌కి 1000 లక్స్ కావాలి, షీట్ మింగేది ఒక పదో వంతు, మిగిలింది మీ చేతిలో ఉంటుంది. మీ అరీనా 37 చదరపు మీటర్లు, 1500తో గుణిస్తే 55 వేల ల్యూమెన్లు (మొత్తం వెలుగు కొలత). లైట్ నుంచి బయలుదేరిన దాంట్లో సగం పక్కకి పోతుందనుకుంటే లక్షా పది వేల ల్యూమెన్లు, వాట్‌కి 100 ల్యూమెన్ల లెక్కన 1100 వాట్లు. అంటే 150 వాట్ల ఎల్ఈడీలు ఎనిమిది. మీరు పోయినేడు కట్టించినదాని కన్నా ఇది తక్కువే అయ్యుంటుంది. 60 డిగ్రీల లెన్స్ ఉన్నవి దొరికితే తీసుకోండి, 120 డిగ్రీలవి సగం వెలుగు జనాల కళ్లలోకి కొడతాయి. లక్స్ మీటర్ పెద్ద ఖరీదు కాదు, ఫిజిక్స్ ల్యాబ్‌లో ఉండొచ్చు, మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ కొలవండి. మధ్య ఎంత ఉందో మూలల్లో దానికి మూడింట రెండు వంతులైనా ఉండాలి, ఎందుకంటే రోబోని గోడకి అదిమి కొట్టేది మూలల్లోనే.

షటర్ ఎంత అన్నది రుచిని బట్టి కూడా ఉంటుంది. 6000 ఆర్పీఎం బ్లేడ్ 1/100లో ఒక పూర్తి చుట్టు తిరిగేస్తుంది, గుండ్రటి పొగలా కనపడుతుంది. 1/2000 పెడితే ఆగిపోయినట్టు కనపడుతుంది, అది ఇంకా చెడ్డది, తిరగట్లేదేమో అనుకుంటారు. నిప్పురవ్వలు కూడా అంతే, షటర్ వేగం పెరిగేకొద్దీ పొడవాటి గీతలు కాస్తా చుక్కలైపోతాయి. నా లెక్కలో 50 ఫ్రేములు, 1/200 చాలా బాగుంటుంది, రోబో స్పష్టంగా ఉంటుంది, బ్లేడ్ కదులుతూ ఉంటుంది, రవ్వలకి తోక ఉంటుంది. లైట్ల మీద నమ్మకం లేకపోతే మళ్లీ 1/100. రవ్వలు బాగా కనపడాలంటే అరీనా అవతలి వైపు వెనకాల చీకటి ఉండాలి, అక్కడ స్పాన్సర్ తెల్ల ఫ్లెక్సీ కట్టకండి, కట్టక తప్పదంటే ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్‌తో వేయించండి. ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి అరీనా మధ్యలో లాక్ చేయండి, ఆటోలో ఉంటే అది షీట్ మీద గీతల్ని పట్టుకుంటుంది. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ కూడా లాకే. లైట్లన్నీ ఒకే రంగువి, 5700 కెల్విన్ అయితే అన్నీ 5700, 6500 అయితే అన్నీ 6500. సీఆర్ఐ (రంగుల్ని ఎంత సరిగ్గా చూపిస్తుందన్న కొలత) 90 ఉన్నవి దొరికితే ఎర్ర టీం, నీలం టీం రంగులు సరిగ్గా తెలుస్తాయి, లేకపోతే 80తో నడిపించవచ్చు.

ఎల్ఈడీ వాల్ పెడతాం అన్నావు. ఈ మధ్య ప్రతి ఫంక్షన్‌కీ అదొకటి అయింది. కెమెరా వెనక పెడితే షీట్ మీద దాని వెలుగే పరుచుకుంటుంది, ఎదురుగా పెడితే రవ్వలు చచ్చిపోతాయి, దాని రిఫ్రెష్ తక్కువైతే గీతలు కూడా వస్తాయి. పక్క వైపున, ఎత్తులో, వెలుగు బాగా తగ్గించి పెట్టండి, మ్యాచ్ నడుస్తున్నంతసేపూ నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద స్కోరూ టైమరూ మాత్రమే చూపించండి. మూవింగ్ హెడ్లు, షార్పీలు (తిరుగుతూ వెలుగు కిరణాలు కొట్టే స్టేజీ లైట్లు) టీంల ఎంట్రీకి వాడుకోండి, మ్యాచ్‌కి ఆపేయండి. డీజే వాళ్ల లేజర్ మాత్రం అసలు వద్దు, నేరుగా లెన్స్‌లో పడితే సెన్సర్ కాలిపోవచ్చు.

మన ఏరియాకి ప్రత్యేకంగా రెండు విషయాలు. మీ గ్రౌండ్ చుట్టూ చేలే అన్నావు. సార్వా కోతల ముందయినా, దాళ్వా ఈనిక దశలోనయినా పొద్దుగూకాక లైట్ వేస్తే పచ్చదోమ, సుడిదోమ, రెక్కల పురుగులు దండులా వస్తాయి. షీట్ మీద వాలితే కెమెరాకి అవే కనపడతాయి, లెన్స్‌కి దగ్గరగా ఎగిరితే తెల్ల ఉండల్లా వస్తాయి. రైతులు చేలో పెట్టే దీపపు ఎర పద్ధతే ఇక్కడ వాడండి. అరీనాకి ఓ 60, 70 అడుగుల దూరంలో, చేల వైపు, కెమెరాకి కనపడని చోట బాగా తెల్లటి లైట్ ఒకటి కట్టి, కింద సబ్బు నీళ్ల పళ్లెం పెట్టండి. అరీనా లైట్ల కన్నా అరగంట ముందే దాన్ని వెలిగించండి. అరీనా లైట్లు రౌండ్ల మధ్య ఖాళీలో సగం తగ్గించండి. పురుగు పూర్తిగా పోదు గానీ చాలా తేడా ఉంటుంది.

రెండోది మంచు, తేమ. ఫెస్టులు జనవరి, ఫిబ్రవరిలో పెడతారు, రాత్రి ఎనిమిది దాటితే షీట్ల మీద మంచు పట్టేస్తుంది. పైన షామియానా ఉంటే చాలా తగ్గుతుంది. ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి వెంటనే మూత తీస్తే లెన్స్ మసకేస్తుంది, గంట ముందే బ్యాగ్‌లోనే ఉంచి బయట పెట్టండి. షీట్లు తుడవడానికి సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ మాత్రమే. అమోనియా ఉండే గ్లాస్ క్లీనర్, థిన్నర్, పెట్రోల్ తగిలిస్తే పాలికార్బొనేట్ మీద సన్నటి పగుళ్లు వస్తాయి, వీడియో సంగతి అటుంచి షీట్ బలమే పోతుంది. ఎక్కువ బరువు కేటగిరీలకి పనికొచ్చే షీట్‌ని తుడుచుడుతో పాడుచేయకండి. కెమెరా వైపు షీట్ మీది రక్షణ ఫిల్మ్ మ్యాచ్‌ల రోజు సాయంత్రమే తీయండి.

కరెంటు దగ్గర కూడా ఒక మాట. పిట్ ఏరియాలో (టీంలు రోబోలు బాగుచేసుకునే చోట) వెల్డింగ్ మెషిన్, గ్రైండర్ నడిచినప్పుడల్లా లైట్లు జిగ్గుమని తగ్గుతాయి, అది వీడియోలో స్పష్టంగా తెలుస్తుంది. అరీనా లైట్లకి వేరే లైన్ తీసుకోండి, 1200 వాట్లంటే ఐదారు ఆంపియర్లే. నేల తడిగా ఉంటుంది కాబట్టి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ తప్పనిసరి, గడ్డి మీద టేప్ చుట్టిన జాయింట్లు ఉండకూడదు. లైట్లు అరీనా లోపల వేలాడదీయకూడదు, పైకప్పుకి బయటే ఉండాలి, విడిగా ట్రస్ (లైట్లు కట్టే లోహపు చట్రం) మీదే ఉండాలి, ఒక్కోదానికీ క్లాంప్‌తో పాటు సేఫ్టీ చైన్ ఉండాలి. లిథియం బ్యాటరీ అంటుకుంటే పొగలో అందరూ వెనక్కి తగ్గేది కూడా ఆ లైట్ల వెలుగులోనే, అప్పుడు ఎవరూ కంగారులో లైట్ల మెయిన్ ఆపకుండా ఒక మనిషిని స్విచ్ దగ్గర ఉంచండి.

ముందు రోజు చీకటి పడ్డాక, లైట్లు కట్టకముందే ఒక పని చేయండి. కెమెరా ప్లాట్‌ఫాం ఎక్కి ఒకరు లెన్స్‌లోంచి చూస్తుండాలి, ఇంకొకరు ఫోన్ టార్చ్ వేసుకుని లైట్లు పెట్టాలనుకున్న ప్రతి చోటా, జనం కూర్చునే ప్రతి వైపూ తిరగాలి. టార్చ్ షీట్‌లో కనపడ్డ ప్రతి చోటునీ కాగితం మీద గుర్తు పెట్టుకోండి, అక్కడ లైటూ వద్దు, తెల్ల వస్తువూ వద్దు. లైటింగ్ ఆయనకి ఆ కాగితం ఇచ్చి మాట్లాడండి, ఆయనకీ పని తేలికవుతుంది, ఎక్కడ కట్టాలో ముందే తెలుస్తుంది కాబట్టి.

నువ్వు ఒక సంగతి రాయలేదు, మీ అరీనా పైకప్పు షీటా, ఇనుప మెషా? మెష్ అయితే దాని గళ్ల నీడ నేల మీద పడుతుంది, అప్పుడు లైట్లకి అడుగున్నర దూరంలో పల్చటి తెల్ల పంచె గుడ్డ లాంటిది సాగదీసి కట్టాల్సి వస్తుంది, ఎల్ఈడీలకి మాత్రమే, హాలోజెన్ అయితే గుడ్డ దగ్గరికి కూడా రానివ్వొద్దు. ఆ గుడ్డకి సగం వెలుగు పోతుంది కాబట్టి ఎనిమిది లైట్ల లెక్క మారుతుంది. పైకప్పు ఏదో, దాని ఎత్తెంతో రాయి, లెక్క మళ్లీ వేసి చెబుతాను.